సెకండ్ హ్యాండ్ కారులో స్టీరింగ్ వంకరగా ఉందా? ఫోన్‌తో కొలిచి అసలు కారణం పట్టుకోండి

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు మనం బ్యాటరీ హెల్త్ చూస్తాం, ఐఎంఈఐ చెక్ చేస్తాం, డిస్‌ప్లే మార్చారేమోనని ఎండలోకి తీసుకెళ్లి మరీ చూస్తాం. అదే కారు దగ్గరికి వచ్చేసరికి ఏసీ వేసి, పాటలు పెట్టి, ఒక రౌండ్ కొట్టి "బావుందండీ" అనేస్తాం. ఆ రౌండ్‌లోనే కారు మనకి ఒక విషయం చెబుతూ ఉండొచ్చు. రోడ్డు తిన్నగా ఉంది, కారు తిన్నగానే పోతోంది, స్టీరింగ్ మాత్రం కాస్త ఎడమకో కుడికో తిరిగి ఉంది. అడిగితే "అలైన్‌మెంట్ చేయిస్తే పోద్దండి" అంటారు. చాలాసార్లు అది నిజమే. కొన్నిసార్లు మాత్రం ఆ వంకర వెనకాల ఒంగిపోయిన లోయర్ ఆర్మ్ ఉంటుంది, లేదా ఎప్పుడో జరిగిన యాక్సిడెంట్‌ని కప్పిపెట్టడానికి స్టీరింగ్ ఊడదీసి మళ్ళీ బిగించిన చరిత్ర ఉంటుంది. మొదటిది కొన్ని వందల రూపాయల పని. రెండోది అసలు ఆ కారు కొనాలా వద్దా అన్న ప్రశ్న.

ఈ రెండిటికీ తేడా తెలుసుకోవడానికి మెకానిక్ అవ్వక్కర్లేదు. ఒక స్మార్ట్‌ఫోన్, ఒక మాస్కింగ్ టేప్ చుట్ట, కొలతల టేపు, పక్క సీట్లో కూర్చోడానికి ఒక ఫ్రెండ్ ఉంటే చాలు.

లాగుతోందా, వంకరగా ఉందా?

ముందు ఈ రెండిటినీ విడదీయాలి. బగ్ రిపోర్టులో "యాప్ పనిచెయ్యట్లేదు" అని రాస్తే ఎంత ఉపయోగమో, "స్టీరింగ్ తేడాగా ఉంది" అని చెబితే అంతే ఉపయోగం.

స్టీరింగ్‌ని తేలిగ్గా, రెండు వేళ్ళతో పట్టుకున్నప్పుడు కారు దానంతటదే ఒక పక్కకి జరుగుతుంటే అది లాగడం. టైర్ గాలి తేడా, ఒక పక్క బ్రేక్ పట్టేసి ఉండటం, టైర్ లోపలి పొరల్లో లోపం, క్యాంబర్ లేదా క్యాస్టర్ తేడా దీనికి కారణాలు కావచ్చు. కారు ఏ పక్కకీ జరగకుండా తిన్నగా పోతూ, స్టీరింగ్ చువ్వలు మాత్రం పక్కకి తిరిగి ఉంటే అది వంకర. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ చక్రాలు చూసే దిక్కులోనో, స్టీరింగ్ బిగించిన తీరులోనో ఉంటుంది. రెండూ కలిసి ఉంటే ముందు లాగడం సంగతి తేల్చండి. నాలుగు టైర్లలో కంపెనీ చెప్పిన గాలి పెట్టండి (డ్రైవర్ డోర్ తీస్తే లోపల స్టిక్కర్ మీద ఉంటుంది). ఇంకా లాగుతుంటే ముందు రెండు టైర్లూ అటుదిటు, ఇటుదటు మార్చి చూడండి. లాగే దిక్కు కూడా మారిపోతే దొంగ టైరే. బాణం గుర్తు ఉండి ఒకే వైపు తిరగాల్సిన టైర్లయితే ఇలా మార్చకూడదు.

టెస్ట్ ఎక్కడ చేస్తున్నారన్నది కూడా ముఖ్యం. వాన నీళ్ళు నిలవకుండా రోడ్డుని అంచు వైపు వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఆ వాలు ఎప్పుడూ ఎడమకే ఉంటుంది. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కొలిచి సగటు తీస్తే ఎర్రర్ పోతుందనుకోకండి, రెండు సార్లూ ఒకే దిక్కు బయాస్. దానికి తోడు మన డెల్టా నేల. నల్లరేగడి బంకమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బిగుసుకుంటుంది, దాంతో రోడ్డు అంచులు కుంగిపోతాయి. రాజమండ్రి నుంచి కడియం, ద్వారపూడి మీదుగా కాకినాడ వెళ్ళే కెనాల్ రోడ్డు మీద నిఖార్సైన కారు కూడా ఎడమకి లాగుతున్నట్టే అనిపిస్తుంది. పైగా పక్కన కాలువ. నిజంగా లాగే కారుని అక్కడ పరీక్షించడం తెలివైన పని కాదు. కొవ్వూరు రోడ్డు కమ్ రైలు వంతెన కూడా వద్దు, అతుకుల దగ్గర కుదుపులకి ఏ రీడింగూ నిలవదు. ఊరి బయట కొత్త లేఅవుట్లలో సమతలంగా వేసిన ఖాళీ సిమెంట్ రోడ్డు అన్నిటికన్నా మంచిది. అది దొరక్కపోతే 16వ నంబర్ హైవే మీద వేమగిరి దాటాక, ట్రాఫిక్ తక్కువ ఉన్న పొద్దుటి పూట ఎడమ లేన్‌లో. అక్కడ స్టీరింగ్ ఒకటి రెండు డిగ్రీలు కుడికి ఉంటే దాన్ని రోడ్డు ఖాతాలో రాసేయండి.

ఫోన్‌తో కొలత

ప్రతి ఫోన్‌లోనూ యాక్సిలరోమీటర్ ఉంటుంది. కంపాస్ యాప్‌లోనో, విడిగానో లెవెల్ అనే ఫీచర్ దాన్ని వాడుకుని వాలు చూపిస్తుంది. స్టీరింగ్ పని కి అరడిగ్రీ ఖచ్చితత్వం చాలు, అది ఏ బడ్జెట్ ఫోన్ అయినా ఇస్తుంది.

అయితే ఫోన్‌ని స్టీరింగ్‌కి అంటించి బండి నడపకండి. ఆ ప్యాడ్ వెనకాల ఎయిర్‌బ్యాగ్ ఉంది, అది పేలితే ఫోన్ తిన్నగా మన మొహానికి వస్తుంది. ఇంకో సంగతి, కదిలే కారులో యాక్సిలరోమీటర్ కుదుపునీ మలుపునీ కూడా వాలుగానే లెక్కేస్తుంది, కాబట్టి ఆ రీడింగ్ ఎలాగూ చెత్తే. పద్ధతి ఇది. స్టీరింగ్ రిమ్ పైభాగంలో ఒక టేపు ముక్క అంటించండి. దాని ఎదురుగా కదలకుండా ఉండే కాలమ్ కవర్ మీద ఇంకో పొడవాటి ముక్క అంటించండి. కారు 40, 50 కి.మీ. వేగంతో తిన్నగా పోతున్నప్పుడు పక్కనున్న ఫ్రెండ్ రిమ్ మీది టేపు ఎక్కడుందో కాలమ్ టేపు మీద పెన్నుతో గీత పెట్టాలి. ఒక్కసారి సరిపోదు, ఐదుసార్లు గీయించి మధ్య గీత తీసుకోండి. తర్వాత సమతలమైన చోట ఆపి, టేపు ఆ గీతకి వచ్చేలా స్టీరింగ్ తిప్పి, రెండు చువ్వలకి ఆనించి ఫోన్ పెట్టి రీడింగ్ తీయండి. కారే పక్కకి వాలి ఉండొచ్చు కదా, అందుకే స్టీరింగ్ కంటికి నిటారుగా ఉన్నప్పుడు ఇంకో రీడింగ్ తీసి మొదటి దాంట్లోంచి తీసేయండి. మిగిలిందే అసలు వంకర.

ఫోన్ ఆనించడానికి వీల్లేని డిజైన్ అయితే రిమ్ మీద జరిగిన దూరం కొలవండి. 37 సెం.మీ. వ్యాసం ఉన్న స్టీరింగ్‌కి ఒక డిగ్రీ అంటే రిమ్ దగ్గర సుమారు 3.2 మి.మీ. రెండు డిగ్రీల లోపు అయితే నా దృష్టిలో వదిలేయొచ్చు. ఐదు దాటితే కారణం కావాలి.

లాక్ నుంచి లాక్‌కి లెక్క

మొత్తం డయాగ్నసిస్‌లో నాకు బాగా నచ్చిన టెస్ట్ ఇదే. రూపాయి ఖర్చు లేదు, పైగా అమ్మేవాళ్ళ ముందే చేసేయొచ్చు. ఇంజిన్ స్టార్ట్ చేసి, స్టీరింగ్‌ని కంటికి నిటారుగా పెట్టండి. అక్కడి నుంచి ఎడమకి చివరిదాకా ఎన్ని చుట్లు, ఎన్ని డిగ్రీలు తిరిగిందో లెక్కపెట్టండి. మళ్ళీ మధ్యకి వచ్చి కుడికి అలాగే. చివర్లో గట్టిగా నొక్కి పట్టకండి, పవర్ స్టీరింగ్ మోటార్‌కి మంచిది కాదు.

రెండు పక్కలా సమానంగా వస్తే స్టీరింగ్ చక్రం ర్యాక్‌కి సరైన చోటే బిగించి ఉంది, తేడా కింద టై రాడ్లలోనో, సస్పెన్షన్‌లోనో ఉంది. సమానంగా రాకపోతే పైన ఎవరో స్టీరింగ్‌నో, మధ్య షాఫ్ట్‌నో విప్పి తప్పు పన్నులో కూర్చోబెట్టారు. స్టీరింగ్ ఒక షాఫ్ట్ మీద పళ్ళలో కూర్చుంటుంది. ఉదాహరణకి చుట్టూ 36 పళ్ళు ఉన్నాయనుకుంటే ఒక్క పన్ను జరిగినా 10 డిగ్రీలు. ఎడమ లెక్కకి, కుడి లెక్కకి తేడా అప్పుడు దానికి రెట్టింపు, అంటే 20 డిగ్రీలు అవుతుంది. అంత తేడా దాచడం కష్టం. ఇలాంటిది కనిపిస్తే "ఎందుకు విప్పారండీ?" అని అడగండి. హారన్ రిపేర్ అంటే బిల్లు చూపించమనండి.

మా బావ కారులో 7.5 డిగ్రీలు

మా బావ భీమవరం దగ్గర ఒక 2014 స్విఫ్ట్ తీసుకున్నాడు. 216వ నంబర్ హైవే మీద రోజూ తిరిగే పని. కారు ఎటూ లాగదు, టైర్లు కూడా సమానంగానే అరిగాయి, స్టీరింగ్ మాత్రం ఎడమకి తిరిగి ఉండేది. వీధి చివర మెకానిక్ చూసి "ఏం లేదండి, స్టీరింగ్ ఊడదీసి ఓ పన్ను జరిపితే సరిపోద్దండి, ఐదు నిమిషాల పని" అన్నాడు. "ఏరా, ఐదు నిమిషాల పనికి నీ లెక్కలేంటి?" అన్నాడు బావ. పైన చెప్పినట్టు కొలిస్తే ఐదు రీడింగులూ 7కీ 8కీ మధ్య వచ్చాయి. లాక్ లెక్క రెండు పక్కలా సమానం. అంటే పైన ఎవరూ ముట్టుకోలేదు, అసలు తేడా కిందే ఉంది.

అలైన్‌మెంట్ మెషీన్ మీద పెట్టి స్టీరింగ్‌ని నిటారుగా లాక్ చేశాక వచ్చిన టో రీడింగులు: ఎడమ చక్రం +0.5 డిగ్రీ, కుడి చక్రం −0.5 డిగ్రీ. టో అంటే చక్రం ముందు అంచు లోపలికి చూస్తోందా, బయటికి చూస్తోందా అన్న కోణం. లోపలికైతే ప్లస్, బయటికైతే మైనస్. మొత్తం కలిపితే సున్నా, ఏ వంకా లేదు! కానీ బొమ్మ గీసుకుని చూడండి. ఎడమ చక్రం లోపలికి, అంటే కుడికి చూస్తోంది. కుడి చక్రం బయటికి, అంటే అదీ కుడికే చూస్తోంది. రెండూ కలిసి అర డిగ్రీ కుడికి. కారు తిన్నగా పోవాలంటే చక్రాలని అర డిగ్రీ ఎడమకి తిప్పాలి. ఇలాంటి కార్లలో స్టీరింగ్ రేషియో సుమారు 15, అంటే చక్రం ఒక డిగ్రీ తిరగాలంటే స్టీరింగ్ 15 డిగ్రీలు తిరగాలి. 0.5 ఇంటూ 15, మొత్తం 7.5. ఫోన్ చెప్పింది, మెషీన్ చెప్పింది ఒకటే లెక్క. టైర్లు ఎందుకు సమానంగా అరిగాయో కూడా ఇక్కడే తెలిసిపోయింది: నడిచేటప్పుడు రెండు చక్రాలూ ఒకదానికొకటి సమాంతరంగానే ఉన్నాయి. ఎప్పుడో ఎక్కడో స్టీరింగ్‌ని లాక్ చెయ్యకుండానే మొత్తం టో ఒక్కటే చూసి "ఓకే" అనేసి ఉంటారు.

ఇక మందు. ర్యాక్ రెండు చివర్ల నుంచి చక్రాలకి వెళ్ళే కడ్డీలే టై రాడ్లు. వాటికి మర ఉంటుంది, తిప్పితే పొడవు మారుతుంది. ర్యాక్ ముందు చక్రాల ఇరుసుకి వెనకాల ఉండే కారులో (ఇంజిన్ అడ్డంగా ఉండే మన హ్యాచ్‌బ్యాక్‌లు చాలావరకు అంతే) స్టీరింగ్ ఎడమకి వంగి ఉంటే ఎడమ రాడ్ పొడవు తగ్గించి, కుడి రాడ్ పొడవు అంతే పెంచాలి. కుడికి వంగి ఉంటే రివర్స్. ర్యాక్ ముందుంటే ఇదంతా తిరగబడుతుంది, కాబట్టి ముందు కింద దూరి చూసుకోవాలి. మర అంతరం 1.5 మి.మీ., స్టీరింగ్ ఆర్మ్ 12 సెం.మీ. అనుకుంటే ఒక పూర్తి చుట్టుకి చక్రం సుమారు 0.7 డిగ్రీ తిరుగుతుంది. బావ కారుకి ఒక్కో పక్క ముప్పాతిక చుట్టు కన్నా కాస్త తక్కువే పట్టింది. రెండు పక్కలా సమానంగా, వ్యతిరేకంగా తిప్పారు కాబట్టి మొత్తం టో చెక్కు చెదరలేదు.

ఒక పక్కనే తిప్పి స్టీరింగ్ నిటారుగా తెచ్చేస్తే ఏమవుతుంది? చూడ్డానికి బావుంటుంది, టైర్లు తినేస్తుంది. అర డిగ్రీ పక్కకి చూస్తూ దొర్లే చక్రం ప్రతి కిలోమీటరుకీ 8.7 మీటర్ల లెక్కన పక్కకి ఈడుస్తుంది. అమలాపురం నుంచి రాజమండ్రి రోజూ వచ్చిపోయేవాళ్ళకి అది టైర్ల దుకాణం దాకా దారి.

ఇంట్లో చెయ్యొచ్చా అంటే చెయ్యొచ్చు. కానీ జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కింద దూరకండి, స్టాండ్లు ఉండాలి. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో ఉప్పు గాలికి లాక్ నట్ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ముందు రోజు రాత్రే వదిలేయాలి. నా సలహా అడిగితే, డయాగ్నసిస్ మీరు చేసుకోండి, సెట్టింగ్ మెషీన్ మీద చేయించండి.

పీత నడక

ముందు చక్రాలు సరిగ్గా ఉన్నా వంకర రావచ్చు. వెనక చక్రాలు రెండూ ఒక పక్కకి చూస్తుంటే కారు పీతలా కాస్త అడ్డంగా నడుస్తుంది. వెనక చక్రాలు కారుని తోసే ఈ దిక్కునే థ్రస్ట్ యాంగిల్ అంటారు. దాన్ని సరిచేస్తూ డ్రైవర్ తెలీకుండానే స్టీరింగ్ పక్కకి పట్టుకుంటాడు. మన హ్యాచ్‌బ్యాక్‌లలో ఎక్కువ వాటికి వెనకాల టోర్షన్ బీమ్ ఉంటుంది, దాంట్లో టో సర్దడానికి మామూలుగా నట్లేమీ ఉండవు. అది మారిందంటే బుష్ పోయిందో, బీమ్ ఒంగిందో, బాడీయే జరిగిందో అన్నమాట. వాడిన కారులో భయపడాల్సింది దీనికే.

పట్టుకోవడం తేలిక. వానాకాలం మన దగ్గర నీటి గుంటలకి కొదవ లేదు. గుంటలోంచి మెల్లగా పొడి సిమెంట్ రోడ్డు మీదకి తిన్నగా ఎక్కించి, దిగి తడి జాడలు చూడండి. వెనక టైరు జాడ ముందు టైరు జాడకి ఎడమ పక్క ఎంత లోపలికో బయటికో ఉందో, కుడి పక్క కూడా అంతే ఉండాలి. తేడా ఉంటే కొలతల టేపు తీసి ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి రెండు పక్కలా కొలవండి. సెంటీమీటరు దాటి తేడా వస్తే ఆ కారుకి దెబ్బ తగిలిందని అనుమానించాలి. టై రాడ్ల మీద బయటికి కనిపించే మర కూడా లెక్కపెట్టండి. ఎడమ పక్క ఐదు చుట్లు, కుడి పక్క పన్నెండు ఉంటే ఎవరో ఒంగిన భాగాన్ని మార్చకుండా మరతో సర్దేశారు. ఎంపరివాహన్ యాప్‌లో ఓనర్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ గడువు కనిపిస్తాయి గానీ ఈ దెబ్బలేవీ కనిపించవు.

గొయ్యిలో పడ్డ రోజు నుంచే వంకర మొదలైందంటే అలైన్‌మెంట్‌కి ముందు జాకీ ఎత్తి చక్రాన్ని రెండు పక్కలా, అంటే గడియారంలో తొమ్మిదీ మూడూ ఉండే చోట పట్టుకుని ఊపండి. టకటకమంటే టై రాడ్ ఎండ్. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతుంటే బాల్ జాయింట్ లేదా బేరింగ్. వదులు ఉన్న భాగం మీద అలైన్‌మెంట్ చేయించడమంటే గోదారి ఇసకలో గీత గీసినట్టే. వంకర రోజుకో రకంగా, బ్రేక్ వేసినప్పుడల్లా మారుతుంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు చూపించండి.

పన్ను జరపొద్దని ఎందుకంటున్నానంటే

బావ కారులో పన్ను జరిపి ఉంటే 7.5కి బదులు 10 తిరిగేది, 2.5 అవతలి పక్కకి వంకర మిగిలేది. అది చిన్న సంగతి. ర్యాక్ మధ్యలో లేకుండా పోతుంది, యూటర్న్ ఒక పక్క బిగుతుగా ఒక పక్క వెడల్పుగా వస్తుంది. స్టీరింగ్ కింద క్లాక్ స్ప్రింగ్ అనే రిబ్బన్ కేబుల్ ఉంటుంది, ఎయిర్‌బ్యాగ్‌కీ హారన్‌కీ కరెంట్ దాంట్లోంచే. మధ్య స్థానం తప్పించి బిగిస్తే ఒక పక్క పూర్తిగా తిప్పినప్పుడు తెగుతుంది. ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలగడం, హారన్ మోగకపోవడం దాని గుర్తులు. బ్యాటరీ తీగ తీసేసినా ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో కాసేపు చార్జ్ నిలిచి ఉంటుంది. కాబట్టి అది యూట్యూబ్ చూసి చేసే పని కాదు. మన దేశంలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి తప్పనిసరి అయింది, అంతకు ముందు కార్లలో కూడా చాలా వాటికి ఉంది.

లాక్ లెక్క సమానంగా రాకపోతే మాత్రం పన్ను సరిచేయడమే మొదటి పని, టై రాడ్లు తర్వాత. అదొక్కటే మినహాయింపు.

అలైన్‌మెంట్ సెంటర్‌లో

గాలి ముందే సరిచూసుకుని వెళ్ళండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్టీరింగ్‌ని అటూ ఇటూ కాస్త ఊపి, నిటారుగా పెట్టి, హోల్డర్‌తో లాక్ చేస్తున్నారో లేదో చూడండి. బావ కారు కథ అంతా అది చెయ్యకపోవడం వల్లే. వెనక చక్రాలకి కూడా సెన్సర్లు పెట్టమని అడగండి, లేకపోతే థ్రస్ట్ యాంగిల్ తెలీదు. ముందు, తర్వాత రెండు ప్రింట్లూ తీసుకోండి. ఎడమ టో లోంచి కుడి టో తీసేసి, సగం చేసి, 15తో హెచ్చిస్తే మీ ఫోన్ రీడింగ్‌కి దగ్గరగా రావాలి. రాకపోతే వెనక చక్రాలో, పై షాఫ్టో లెక్కలో ఉన్నాయని అర్థం. ప్రింట్‌లో కోణాలు డిగ్రీలు, నిమిషాల్లో ఉంటే 60 నిమిషాలు ఒక డిగ్రీ.

బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఉన్నవాళ్ళకి ఒక మాట. స్టాండర్డ్ ఓబీడీ-2 డేటాలో ఆర్‌పీఎం, కూలెంట్ టెంపరేచర్ లాంటివి వస్తాయి, స్టీరింగ్ యాంగిల్ రాదు. దాన్ని చదవాలంటే ఏబీఎస్ లేదా స్టీరింగ్ మాడ్యూల్‌తో మాట్లాడగలిగే, ఆ కంపెనీ కార్లకి పనికొచ్చే స్కానర్ కావాలి. ఈఎస్‌పీ ఉన్న కారైతే ఇది కావాల్సిందే. స్టీరింగ్ సున్నా ఎక్కడో ఆ సెన్సర్‌కి తెలియాలి, దాన్ని బట్టే కారు జారుతోందో, డ్రైవరే తిప్పుతున్నాడో కంప్యూటర్ తేల్చుకుంటుంది. అలైన్‌మెంట్ అయ్యాక సున్నా రీసెట్ చెయ్యకపోతే ఈఎస్‌పీ లైట్ వెలగొచ్చు, తిన్నని రోడ్డు మీద అనవసరంగా ఒక చక్రానికి బ్రేక్ పడనూ వచ్చు. 2021లో వచ్చిన ఎక్స్‌యూవీ700, ఆస్టర్ లాంటి ఏడీఏఎస్ కార్లు ఇప్పుడు సెకండ్స్‌లో కనిపిస్తున్నాయి. వాటిలో లేన్ కీప్ కెమెరా కూడా ఈ సున్నా మీదే ఆధారపడుతుంది. అలాంటి కారులో స్టీరింగ్ వంకర కనిపిస్తే, రీసెట్ చేసే స్కానర్ ఉందా అని సెంటర్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాకే బయలుదేరండి.